వడ్రంగం బల్ల ఎంత ఎత్తులో ఉండాలి?

చేతి పనిముట్లతో చెక్కపని మొదలుపెట్టిన వాళ్లందరూ మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఇది. దొరికే జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. చెయ్యి కిందికి వదిలేసినప్పుడు చిటికెనవేలు అరచేతిలో కలిసే కణుపు ఎక్కడుంటుందో బల్ల పైభాగం అక్కడ ఉండాలని కొందరంటారు. మణికట్టు ఎత్తు చాలని ఇంకొందరు. మోచేతికి నాలుగు అంగుళాలు కిందుగా ఉండాలని మరికొందరు. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. టేపు పెట్టి చూసుకుంటే మొదటి లెక్కకు 29 అంగుళాలు, రెండో లెక్కకు 32, మూడో లెక్కకు 37 వచ్చాయి. మనిషి ఒక్కడే, బల్లా ఒక్కటే, తేడా ఎనిమిది అంగుళాలు.

నేను మొదటి బల్లని 37 అంగుళాలకే చేశాను. నడుం వంచకుండా నిటారుగా నిలబడి పని చేయొచ్చన్న మాట నన్ను ఒప్పించింది. నిజంగానే నడుం నొప్పి రాలేదు. మూడు వారాలకు కుడి భుజం పట్టేసింది. అంగుళం మందం టేకు పలకని రందాతో చిత్రిక పడుతుంటే, అంటే పైపొరలు తీసి నునుపు చేస్తుంటే, పది నిమిషాలకే చేతులు వణికేవి. రందా బ్లేడుకి పదును లేదనుకుని సానబెట్టాను, మళ్లీ సానబెట్టాను. లోపం బ్లేడులో లేదు. కాళ్లు చేయాల్సిన పనిని నేను భుజాలతో చేస్తున్నాను.

సంగతి అర్థమైంది మా వంటింట్లో. మా అమ్మ పొట్టి మనిషి. గట్టు దగ్గర మామూలుగా నిలబడి కూరగాయలు తరుగుతుంది. చపాతీలు వత్తే వేళకు మాత్రం కాళ్ల కింద పీట వేసుకుంటుంది. ఎందుకని అడిగితే, "పైనుంచి బరువు పడాలి కదరా, లేకపోతే రెక్కలు లాగేస్తాయి" అంది. గట్టు అదే, మనిషీ అదే. పని మారగానే కావలసిన ఎత్తు మారిపోయింది. బల్ల ఎత్తు గురించి వినే పరస్పర విరుద్ధమైన సలహాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. తరిగేవాళ్ల సలహా ఒకటి, వత్తేవాళ్ల సలహా ఇంకొకటి.

రందా తోసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది

చేతి పనిముట్ల వడ్రంగంలో ఒంటి శక్తి ఎక్కువగా తినేది చిత్రిక పట్టడమే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బల్ల ఎత్తు తేల్చాల్సింది ముందుగా ఈ పనికే.

రందాని ముందుకు నడిపే బలం వెనక కాలి పాదం దగ్గర మొదలవుతుంది. అక్కడినుంచి తొడ, తుంటి, వీపు మీదుగా చేతికి వస్తుంది. చెయ్యి ఈ బలాన్ని దాటించే కర్ర లాంటిది. అలా పనిచేయాలంటే మోచేయి కొద్దిగానే వంగి ఉండాలి, భుజం రందాకి పైన ఉండాలి. అప్పుడు తోపుతో పాటు ఒంటి బరువు కూడా రందా మీద పడుతుంది, బ్లేడు చెక్కలోంచి పైకి లేవదు. పలక మొదట్లో రందా ముందు భాగాన్ని, చివరికొచ్చేసరికి వెనక భాగాన్ని అదమాలి కదా, ఆ అదుముడు కూడా విడిగా కండబలం పెట్టకుండా బరువు మార్చుకోవడంతోనే వచ్చేస్తుంది.

బల్ల ఎక్కువ ఎత్తులో ఉంటే మోచేయి మడతపడి వీపు వెనక్కి పోతుంది. కాళ్ల బలం అందదు. భుజమూ చేతి వెనక కండరమూ రెండే మొత్తం తోపుని మోస్తాయి. నాకు జరిగింది ఇదే. బల్ల మరీ కిందుంటే కష్టం వేరే రకం. నడుం దగ్గర ఒంగి, పైశరీరం బరువంతా వీపు కండరాలతో పట్టి ఉంచాలి. పని చేసినా చేయకపోయినా ఆ భారం తగ్గదు. అందుకే తక్కువ బల్ల దగ్గర పదునైన రందాతో తేలికగా తోస్తున్నా సాయంత్రానికి నడుం లాగుతుంది.

ఇక్కడ చాలామంది లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. మనం కొలుచుకునేటప్పుడు కాళ్లు దగ్గరపెట్టి నిటారుగా నిలబడతాం. చిత్రిక పట్టేటప్పుడు అలా నిలబడం. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, మధ్యలో రెండున్నర అడుగుల ఎడం ఉంటుంది. కాలి పొడవు సుమారు 85 సెంటీమీటర్లు అనుకుంటే, పాదాలు 75 సెంటీమీటర్లు ఎడంగా పెట్టినప్పుడు తుంటి 8 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. అంటే మూడు అంగుళాల పైమాటే. మోచేయి కూడా అంతే దిగుతుంది. నిటారుగా నిలబడి తేల్చిన ఎత్తు పనిలోకి దిగాక ఎక్కువగా అనిపించడానికి సగం కారణం ఇది. బల్ల దగ్గర బూట్లు వేసుకుంటారా, చెప్పులా, వట్టి కాళ్లా అన్నది ఇంకో అంగుళం తేడా తెస్తుంది. మీరు పని చేసేది ఎలాగో అలాగే నిలబడి కొలుచుకోండి.

మీ చెయ్యి ఎక్కడుందో కొలవండి

ఒంటికి బల్ల ఎత్తుతో నేరుగా సంబంధం లేదు. ఒంటికి తెలిసేది పిడికిలి ఏ ఎత్తులో ఉందన్నదే. పిడికిలికీ బల్లకీ మధ్య రెండు వస్తువులున్నాయి. ఒకటి పనిముట్టు, రెండోది చెక్క.

నా వరకు, కాళ్లు ఎడంగా పెట్టి హాయిగా తోయగలిగినప్పుడు పిడికిలి నేలనుంచి సుమారు 35 అంగుళాల ఎత్తులో ఉంది. ఇనుప రందా పిడి మధ్యభాగం పలక మీదనుంచి మూడు అంగుళాల ఎత్తులో ఉంటుంది. పలక మందం అంగుళం. 35లోంచి ఈ నాలుగూ తీసేస్తే 31. నాకు కావలసిన బల్ల ఎత్తు అది. అదే నేను నాలుగు అంగుళాల మందం ఉన్న బల్లకాలి చెక్కని చిత్రిక పట్టాలంటే బల్ల 28 ఉండాలి.

ఈ లెక్క తెలిశాక మన ఊళ్లలో చూసిన ఒక దృశ్యానికి కొత్త అర్థం కనిపించింది. ద్వారబంధాలు చేసే వడ్రంగులు ఆ దుంగల్ని ఎత్తైన బల్ల మీద పెట్టరు. నేలమీద రెండు చెక్కముక్కలు వేసి, వాటిమీద పెట్టి పనిచేస్తారు. గుమ్మానికి వాడే కలప తరచుగా ఒక వైపు ఐదు అంగుళాలు, ఇంకో వైపు మూడు అంగుళాలు ఉంటుంది. అంత మందం, అంత బరువు ఉన్న దాన్ని 36 అంగుళాల బల్ల మీదికి ఎత్తితే పిడికిలి 44 అంగుళాలకు పోతుంది. నాలాంటి ఎత్తు ఉన్నవాడికి అది మోచేతి కంటే పైన. బల్ల కొనలేక అలా చేస్తారనుకునేవాణ్ణి. తప్పు. మందమైన కలపకి పని జరిగే చోటు కిందికి రావాలన్న లెక్క ఆ పద్ధతిలోనే ఉంది.

పాత, కొత్త సలహాల మధ్య తేడాకి కూడా కొంత కారణం ఇక్కడే దొరుకుతుంది. ఐరోపాలో పాతకాలం రందాలు మొత్తం కొయ్యవి. రెండున్నర అంగుళాల ఎత్తున్న దిమ్మ, దాని నెత్తిన పిడి. పిడికిలి పలకనుంచి నాలుగు అంగుళాలకు పైనే ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో అమెరికాలో లెనార్డ్ బెయిలీ ఇనుప రందాకి ఇప్పుడు మనం చూసే రూపం తెచ్చాడు. 1869లో స్టాన్లీ కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనుక్కుంది. ఆ తర్వాత ఆ నమూనా ప్రపంచమంతా పాకింది. దానిలో అడుగు పలచని ఇనుము, పిడి దాదాపు దానిమీదే కూర్చుంటుంది. పిడికిలి ఒకటి రెండు అంగుళాలు కిందికి వచ్చింది. పాత కొలతతో చేసిన బల్ల కొత్త రందాకి తక్కువగా అనిపించడం సహజం.

రెండో కారణం మోటార్లు. టేబుల్ సా (బల్లకే అమర్చిన కరెంటు రంపం), రూటర్ (గాడులు తీసే యంత్రం), శాండర్ (గరుకు కాగితంతో నునుపు చేసే యంత్రం) వచ్చాక తోసే బలం కరెంటు నుంచి వచ్చింది. ఒంటి బరువుతో పని తగ్గింది, కంటితో పని పెరిగింది. టేబుల్ సా ఎత్తు 34 నుంచి 36 అంగుళాలు ఉంటుంది కాబట్టి దానికి సమంగా బల్ల చేసుకుంటే పెద్ద ప్లైవుడ్ షీటుకి ఆసరాగా కూడా ఉంటుంది. యంత్రాల షాపుకి ఇది చక్కని ఏర్పాటు. ఆ షాపుల కోసం గీసిన బల్ల ప్లాన్లే చేతి పనిముట్లవాళ్ల దగ్గరికి వచ్చేసరికి బాధ మొదలవుతుంది. డాలస్‌లో ఉండే మా తమ్ముడు గ్యారేజీలో అలాంటి బల్లే చేసుకున్నాడు. శాండర్‌తో పని చేసినన్నాళ్లూ దాని గురించి ఒక్క మాట అనలేదు. రందా కొన్న వారానికి ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈ బల్ల ఎంత కోయమంటావు?" అన్నాడు. పైగా ఆ ప్లాన్లు ఐదడుగుల పదంగుళాల మనిషిని ఊహించుకుని గీసినవి. మనలో చాలామంది అంత ఎత్తు ఉండం.

ఉలి, సుత్తి లెక్క

కూసానికి, అంటే ఇంకో చెక్కలోకి దూరే కొనకి, బెజ్జం తొలిచేటప్పుడు లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పిడితో కలిపి ఉలి తొమ్మిది అంగుళాలు, కింద రెండు అంగుళాల చెక్క. కొయ్య సుత్తి దెబ్బ పడే చోటు బల్లకి పదకొండు అంగుళాల పైన. నా మోచేయి 41 అంగుళాల ఎత్తులో ఉంది. 30 అంగుళాల బల్ల మీద దెబ్బ సరిగ్గా మోచేతి ఎత్తులో పడుతుంది. సుత్తి దాని బరువుతో అదే దిగుతుంది, నేను దారి చూపిస్తే చాలు. 37 అంగుళాల బల్ల మీద దెబ్బ 48 అంగుళాల దగ్గర పడుతుంది. అది ఛాతీ ఎత్తు. ప్రతి దెబ్బకీ భుజాన్ని పైకి లేపి పట్టుకోవాలి. ఒక్క స్టూలుకి పదహారు బెజ్జాలు తొలవాల్సి వస్తే ఒక్కో దానికి ఎన్ని దెబ్బలో లెక్కేసుకోండి.

పైగా ఉలి నిలువుగా ఉందో లేదో తెలియాలంటే పక్కనుంచి, కాస్త పైనుంచి చూడాలి. దానికీ తక్కువ ఎత్తే నయం.

పొడవాటి పలకల్ని నిలువునా రంపంతో కోయడానికి బల్ల అసలు పనికిరాదు. మోకాలి ఎత్తు, అంటే 18 నుంచి 20 అంగుళాల చిన్న బల్ల కావాలి. మోకాలితో పలకని అదిమి పెట్టి, చేతిని పై నుంచి కిందికి పూర్తిగా ఆడించాలి. కోతల్లో మిగిలిన ముక్కలతో ఒక పూటలో అయిపోయే బల్ల అది. ముందు దాన్ని చేసుకోండి, పెద్ద బల్ల తర్వాత.

సన్నపనికి పైకి

ఇప్పటిదాకా చెప్పిందంతా బల్లని కిందికి దించే వాదన. జాయింట్ గీతలు గీయడం, సన్నపళ్ల రంపంతో గీత పట్టుకుని కోయడం, ఉలితో అంచు నునుపు చేయడం, నగిషీ చెక్కడం దగ్గరికి వచ్చేసరికి అది చెల్లదు. వీటికి బలం కొంచెమే కావాలి, చూపు చాలా కావాలి. నిలబడి చేసే పనులకి ఎర్గోనామిక్స్‌వాళ్లు, అంటే పనిని ఒంటికి తగ్గట్టు అమర్చడం గురించి చదివినవాళ్లు, ఇచ్చే మామూలు కొలతలు కూడా ఈ తేడానే చెబుతాయి. సూక్ష్మమైన పని మోచేతికి 5 నుంచి 10 సెంటీమీటర్లు పైన. తేలిక పని మోచేతికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద. బలం పెట్టే పని 15 నుంచి 40 సెంటీమీటర్లు కింద. సన్నపనికీ బలమైన పనికీ మధ్య ఒక అడుగు తేడా సులువుగా వస్తుంది. చేతి పనిముట్ల వడ్రంగి ఈ మూడు పనులూ ఒకే గంటలో, ఒకే బల్ల మీద చేస్తాడు. చిక్కంతా ఇదే. ఒక్క అంకె కోసం వెతికితే దొరకకపోవడానికి కారణమూ ఇదే.

మధ్యేమార్గంగా 34 పెట్టుకుందామని అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. అది నాలాంటి ఎత్తువాళ్లకి తోయడానికి ఎక్కువ, చూడడానికి తక్కువ. కిందికి దించాల్సిన బల్లని దించి, సన్నపనిని దానిమీదికి ఎత్తుకోవడం మేలు. పని ముక్కని పైకి ఎత్తడం తేలిక, పని మారినప్పుడల్లా బల్లని కిందికి దించడం కుదరదు. ఇందుకు పాతకాలం ఉపాయం ఒకటి ఉంది. రెండు చెక్క దిమ్మలు, వాటిని దగ్గరికి లాగే రెండు మరలు. దీన్ని బల్ల మీద పెట్టి బిగిస్తే పని ముక్క ఐదారు అంగుళాలు పైకి లేస్తుంది. 1678 ప్రాంతంలో లండన్‌లో జోసెఫ్ మాక్సన్ చేతిపనుల గురించి ప్రచురించిన పుస్తకాల వల్ల ఇప్పుడు దీన్ని మాక్సన్ వైస్ అంటున్నారు. అది లేకపోయినా ఎనిమిది అంగుళాల ఎత్తున్న గట్టి చెక్కపెట్టె చాలు. బల్లకి క్లాంప్‌తో బిగించి, దానిమీద పని చేసుకుని, అయిపోయాక కింద పెట్టేయొచ్చు.

నలభై ఐదు దాటినవాళ్లకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మీ నడుం నొప్పికి బల్ల కారణం కాకపోవచ్చు, కళ్లద్దాలు కావచ్చు. చదువుకోవడానికి ఇచ్చే అద్దాలు సుమారు 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోయేలా ఉంటాయి. నాలాంటి ఎత్తున్నవాడు నిలబడితే కన్ను నేలనుంచి 155 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 31 అంగుళాల బల్ల మీద చెక్క పైభాగం 80 సెంటీమీటర్ల పైచిలుకు. మధ్యలో 70 సెంటీమీటర్లకు పైగా దూరం. అంత దూరంలో ఆ అద్దాలతో పెన్సిల్ గీత మసకగా కనిపిస్తుంది. తెలియకుండానే తల అడుగు మేర ముందుకు దిగుతుంది, దానితో పాటే వీపు. బల్లకి రెండు అంగుళాలు పెంచినా ఈ తేడా పూడదు. కంటి డాక్టరుకి మీ పని దూరం సెంటీమీటర్లలో చెప్పి ఆ దూరానికి అద్దాలు రాయించుకోండి. ఎడమ పక్కనుంచి పడేలా ఒక దీపం పెట్టుకోండి, ఎడమ చేతివాటం వాళ్లయితే కుడి పక్కన. నా స్నేహితుడొకరు బల్ల మార్చడానికి కలప కొన్నాక ఈ రెండూ చేసి చూశాడు. ఆ కలపతో ఇప్పుడు ఇంట్లో పుస్తకాల అర ఉంది.

నేల కూడా ఒక ఎత్తే

నిలబడే బల్లని మాత్రమే వడ్రంగం బల్ల అనుకోవడం ఐరోపా అలవాటు. మన దగ్గర కొండపల్లిలో పొణికి కర్రతో బొమ్మలు చెక్కేవాళ్లు నేలమీద కూర్చునే చెక్కుతారు. కాలి వేళ్లూ మడమా పట్టుకునే చెయ్యి అవుతాయి. కూర్చున్నవాళ్లకి పని కంటికి అడుగున్నర దూరంలో ఉంటుంది. నిలబడి చేసేవాళ్లు ఎత్తు పెంచుకుని సాధించాలనుకునేది ఈ దూరాన్నే. జపాన్‌లోనూ చాలా పని నేలమీదే జరిగింది. వాళ్ల రందా, రంపం రెండూ తనవైపు లాక్కునేవి. కూర్చున్న మనిషికి తోయడం కంటే లాగడం తేలిక.

రోమన్ల కాలంలో ఐరోపాలో కూడా కూర్చుని పనిచేసే పొట్టి బల్లలుండేవి. జర్మనీలోని సాల్బుర్గ్ రోమన్ కోట బావిలో అలాంటి బల్ల బయటపడింది. ఇంచుమించు మన నులకమంచం ఎత్తు. దానికి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, ఒంటి బరువుతోనే చెక్కని అదిమి పెట్టి పని చేయొచ్చు. మోకాళ్ల నొప్పి వల్ల నేలమీద కూర్చోలేనివాళ్లకీ, ఎక్కువసేపు నిలబడలేనివాళ్లకీ, అపార్ట్‌మెంటు బాల్కనీలో పెద్ద బల్లకి చోటు లేనివాళ్లకీ నేను గట్టిగా చెప్పేది దీని గురించే. ఇందాక రంపానికి చేసుకోమన్న 18 అంగుళాల బల్ల ఉంది కదా, కాస్త పొడవుగా, కాస్త బరువుగా చేసుకుంటే రెండింటికీ అదే.

కోసేముందు పరీక్ష

కాగితం మీద లెక్క మొదటి అంచనా వరకే. ఇంట్లో డైనింగ్ టేబుల్ సాధారణంగా 30 అంగుళాలు ఉంటుంది. దానిమీద పాత దుప్పటి, ప్లైవుడ్ ముక్క వేసి, గోడకి ఆనించి, ఒక పలకని అరగంట చిత్రిక పట్టండి. ఐదు నిమిషాల్లో ఏ ఎత్తయినా బాగానే అనిపిస్తుంది, అరగంట తర్వాతే ఒళ్లు నిజం చెబుతుంది. ఎత్తు పెంచి చూడాలంటే టేబుల్ కాళ్ల కింద చెక్కముక్కలు, తగ్గించి చూడాలంటే మీరు నిలబడే చోట ప్లైవుడ్ పలకలు. ఎక్కడ అలసట వచ్చిందో గుర్తుపెట్టుకోండి. భుజంలో, చేతి వెనక కండరంలో వస్తే బల్ల ఎక్కువ ఎత్తులో ఉంది. నడుం కింది భాగంలో వస్తే తక్కువ. తొడల్లో, పిక్కల్లో వస్తే సరైన చోట ఉన్నట్టే, అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది. మెడలో వస్తే ముందు దీపం, అద్దాలు చూసుకోండి.

బల్ల చేసేటప్పుడు తేలిన అంకెకి రెండు అంగుళాలు కలిపి కాళ్లు పెట్టండి. తుమ్మ, వేప లాంటి బరువైన కలప దొరికితే ఇంకా మంచిది, తోస్తుంటే బల్ల కదిలిపోదు. నెలా రెండు నెలలు నిజమైన పని చేశాక కోయడం మొదలుపెట్టండి, అదీ ఒకేసారి కాకుండా అరంగుళం చొప్పున. నాది 37 నుంచి అలాగే 31కి దిగింది. నేల సమంగా ఉన్నచోట బల్లని పెట్టి, రసమట్టం చూసి, ఊగే కాలి కింద పలచని చీలికలు దోపి పైభాగాన్ని సమం చేయండి. తర్వాత ఎంత కోయాలో అంత మందం ఉన్న ఒక చెక్కముక్క తీసుకుని నేలమీద ఆనించి, దానిమీద పెన్సిల్ ఉంచి, నాలుగు కాళ్లకీ నాలుగు వైపులా గీత తిప్పండి. ఆ గీతల మీద కోస్తే నేల ఎగుడుదిగుళ్లు కూడా ఆ కోతలోనే పోతాయి. కోసిన అంచుల్ని ఉలితో కొద్దిగా వాలుగా చెక్కండి, లేకపోతే బల్లని జరిపినప్పుడు కాలి అంచు చీలుతుంది.